కండ కూడ ఒక గ్రంథియే

(దాచేపల్లిలో పరిసర గ్రామముల పంచాయతి సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతి సభ్యులు సమావేశమైనప్పుడు రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, మురుగుకాలువలను గూర్చియు, పన్నుల వసూలును గూర్చియు చర్చించుట వాడుక. నేడు మేము చెప్పబోవు విషయము మన శరీరములోని కండరములను గూర్చినది. కండలకును పంచాయతికిని ఏమి సంబంధమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. అందు ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఒక అంశము. మురుగునీరు నిలిచినచోట దోమ పుట్టునని మనము నేర్చుకొన్నాము. అందుచేత కాలువలు త్రవ్వించుచున్నాము. అట్లే కదలిక నిలిచిన శరీరములో కొన్ని వ్యాధులు పుట్టునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. దానికి కూడ గ్రామము చేయవలసిన పని కలదు.

మారిన పనిపాటలు

ఈ పల్నాటి సీమ కాయకష్టమునకు పేరుపొందినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఆ మహా ఆనకట్టను యంత్రములకంటె ఎక్కువగ మనుష్యుల చేతులే కట్టినవి. రాయి మీద రాయి పేర్చి కట్టిన కట్టడమది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీటితో మెట్టపొలములు మాగాణులయినవి. తరువాత ఈ నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు విస్తరించినవి.

ఆనాటి రైతు తెల్లవారకముందే అరక కట్టి సాళ్ళవెంట మైళ్ళకొలది నడచెడివాడు. స్త్రీలు తిరగలి విసరి, రోకట దంచి, బిందెలతో నీరు మోసి, ఆపైన పొలము పనికి పోయెడివారు. నేడు ట్రాక్టరు దున్నుచున్నది. పొలమునకు పోవుటకు మోటారు సైకిలు ఉన్నది. బోరు మోటారును ఇంటి అరుగు మీద కూర్చుండి సెల్‌ఫోనుతో నడుపువారు కలరు. పిండి మరలో ఆడుచున్నది; పచ్చడి మిక్సీలో నూరుచున్నారు. ఇవి అన్నియు మేలే. తిరగలిని మరల ఇంటికి తెమ్మని మేము చెప్పము. అయితే పని మారినంత వేగముగ మన శరీరము మారలేదు. వేలయేండ్లు నడచుటకును, మోయుటకును, వంగి లేచుటకును అలవాటుపడిన శరీరమే నేడును మనకున్నది.

2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనము ప్రకారము, 2022 నాటికి మనదేశమున వయోజనులలో సగముమందికి చాలినంత శరీరశ్రమ లేదు. పురుషులలో నూటికి 42 మంది, స్త్రీలలో 57 మంది ఈ లెక్కలో చేరుదురు. ఈ సంగతి పట్టణములకే పరిమితమని తలచుట పొరపాటు. సుమారు ఇరువదియేండ్ల క్రిందట తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 20 గ్రామములందు 30 ఏండ్లు దాటినవారిని పరీక్షింపగా, నూటికి 13 మందికి మధుమేహము ఉన్నట్లు తేలినది. అవి పచ్చని పైరుపొలముల నడుమనున్న గ్రామములే. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము దేశమున మధుమేహము కలవారు 10 కోట్లకు పైబడిరి. దాని అంచున నిలిచియున్నవారు 13 కోట్లకు పైన కలరు.

కండను గూర్చిన శాస్త్రమున తెలుగువాని పాత్ర

కండను గూర్చిన శాస్త్రములో ఒక తెలుగువాని పేరు చిరస్థాయిగ నిలిచియున్నది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయములో పరిశోధన సాగించిరి. కండ ముడుచుకొనుటకు బలము ఎచ్చటనుండి వచ్చుచున్నది? ఆనాటి పండితులు దీనికి వేరొక సమాధానము చెప్పుచుండిరి. సుబ్బారావుగారును వారి సహచరుడు సైరస్ ఫిస్కేయును 1927లో కండలోనున్న ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. కండ పనిచేయునప్పుడు అది విడిపోవును. విశ్రాంతి పొందునప్పుడు మరల కూడును. 1929లో ఏ.టి.పి. అను మరియొక పదార్థమును కూడ వారు వేరుపరచిరి. అదే సమయమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. జీవకోటికెల్ల శక్తిని అందించు చిల్లర నాణెము వంటిది ఈ ఏ.టి.పి. సుబ్బారావుగారు 1948లో న్యూయార్కున మరణించిరి.

వీరి కృషివలన కండ ఏ ఇంధనముతో పనిచేయునో లోకమునకు తెలిసినది. కండ ఒక యంత్రమని, మెదడు ఆజ్ఞ యిచ్చినట్లు ముడుచుకొని సాగుట మాత్రమే దాని పని యని చాలకాలము తలచిరి.  ఈ అభిప్రాయము మారుటకు ఇరువదవ శతాబ్ది ముగియవలసి వచ్చినది.

గ్రంథులలో చేరిన కండ

మన శరీరములో వినాళ గ్రంథులనునవి కలవు. ఇవి తమ రసములను గొట్టముల ద్వారా పంపక నేరుగ రక్తములో కలుపును. మెడలోని అవటు గ్రంథి, కడుపులోని క్లోమము ఇట్టివే. ఆ రసములకు 1905లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు స్టార్లింగు హార్మోనులని పేరు పెట్టెను. గ్రామములో చాటింపు వేసినప్పుడు అది అన్ని వీధులలోను వినబడును. ఎవరికి సంబంధించినదో వారు మాత్రము ఆ ప్రకారము పనికి కదలుదురు. హార్మోను కూడ అట్టిదే. రక్తము వెంట శరీరమంతయు తిరుగును. ఏ అవయవమునకు ఆ వార్త అందవలెనో అది అందుకొనును.

పనిచేయు కండనుండి చక్కెరను తగ్గించు పదార్థమేదియో రక్తములోనికి వచ్చుచుండవలెనని 1961లోనే గోల్డ్‌స్టీన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సూచించెను. అది ఏమో అప్పుడు తేలలేదు. 2000 సంవత్సరమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనులో బెంటే పెడర్సన్ అను వైద్యురాలి బృందము ఒక చక్కని పరీక్ష చేసినది. మనుష్యుల చేత ఒక కాలితో మాత్రమే గంటల తరబడి వ్యాయామము చేయించి, రెండవ కాలిని ఊరక ఉంచిరి. కాళ్ళకు పోవు రక్తమును, కాళ్ళనుండి తిరిగివచ్చు రక్తమును వేరువేరుగ పరీక్షించిరి. పనిచేసిన కాలినుండి ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థము రక్తములోనికి వచ్చుచుండెను. ఊరకయున్న కాలినుండి రాలేదు. మనిషి ఒకడే, రక్తము ఒకటే. పని చేసిన కండ మాత్రమే వార్త పంపినది. 2003లో ఇట్టి పదార్థములకు మయోకైన్లు అను పేరు వచ్చినది. ఇప్పటికి కొన్ని వందల మయోకైన్లను గుర్తించిరి. వాటిలో కొన్నింటి పని మాత్రమే స్పష్టముగ తెలిసినది.

శరీరపు బరువులో సుమారు నూటికి 40 వంతులు కండయే. అనగా మన దేహములోని మిక్కిలి పెద్ద గ్రంథులలో ఇది ఒకటి. అయితే తక్కిన గ్రంథులు మనము కూర్చున్నను, నిద్రించినను తమ పని తాము చేయును. కండ అట్లు కాదు. దానిని కదల్చినప్పుడే ఈ రసములలో అనేకము అధికముగ వెలువడును. ఈ ఒక్క మాటను మీరు ఇంటికి తీసికొనిపోయిన చాలును.

ఈ ఇంటర్‌ల్యూకిన్-6 పేరు వైద్యులకు కొత్తది కాదు. రోగమందును, స్థూలకాయమందును ఇది దీర్ఘకాలము రక్తములో ఎక్కువగ నిలిచియుండును. అప్పుడు అది లోపలి వాపునకు గుర్తు. వ్యాయామమున కండనుండి వచ్చునది వేరొక తీరున నడచును. గంటలో పెరిగి, విశ్రాంతితో తగ్గిపోవును. మారథాను వంటి దీర్ఘమైన పరుగు తరువాత వందరెట్ల వరకు పెరిగి మరల దిగును. ఇట్లు వచ్చిపోవునది వాపును అణచు ఇతర పదార్థములను మేలుకొలుపును. ఎప్పుడో వచ్చి నేలను తడిపిపోవు వాన వేరు, పొలములో నెలల తరబడి నిలిచిన నీరు వేరు. రెండును నీరే యైనను మిరపతోటకు ఒకటి ప్రాణము, రెండవది వేరుకుళ్ళు.

2019లో అదే కోపెన్‌హేగను బృందము మరియొక పరీక్ష ఫలితమును ప్రకటించినది. బొజ్జ కలవారిచేత 12 వారములు సైకిలు వ్యాయామము చేయించిరి. వారిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-6 పని చేయకుండ అడ్డగించు మందు ఇచ్చిరి. మందు లేక వ్యాయామము చేసినవారికి కడుపులోని అవయవముల చుట్టునున్న కొవ్వు తగ్గినది. మందు పుచ్చుకొన్నవారు అదే వ్యాయామము చేసినను ఆ కొవ్వు తగ్గలేదు. శ్రమకు ఖర్చయిన శక్తి వలననే కొవ్వు కరగునని మనము తలచుచుంటిమి. కండ పంపు వార్తకు కూడ అందు భాగము కలదని దీనివలన తేలినది.

చక్కెరకు రెండవ ద్వారము

భోజనము తరువాత రక్తములో చేరు చక్కెరలో పెద్దభాగమును దాచుకొను గాదె కండయే. ఆ గాదె తలుపు తీయుటకు క్లోమమునుండి వచ్చు ఇన్సులిన్ తాళపుచెవి వంటిది. మధుమేహమున ఆ తాళము సరిగ పడదు; చక్కెర రక్తములోనే నిలిచిపోవును. కండ పనిచేయునప్పుడు ఇన్సులిన్ సహాయము లేకయే మరియొక మార్గమున తలుపు తెరచుకొనును. ఒకసారి గట్టిగ నడచిన తరువాత కొన్ని గంటలు, ఒక్కొకప్పుడు ఒక దినము వరకు, కండ ఇన్సులిన్ మాటను బాగుగ వినును. అందుచేతనే వారమునకు ఒకనాడు మిక్కిలి శ్రమించుట కంటె ప్రతిదినము కొంత నడచుట మేలు.

దీనికి మన పొరుగుననే నిదర్శనము కలదు. చెన్నైలో రామచంద్రన్‌గారి బృందము మధుమేహపు అంచుననున్న 531 మందిని మూడు సంవత్సరములు పరీక్షించి 2006లో ఫలితములను ప్రకటించినది. ఆహారమును చక్కదిద్దుకొని, దినమునకు అరగంట వడిగ నడచిన వర్గములో మధుమేహము వచ్చుట నూటికి 28 వంతులకు పైగ తగ్గినది. అంతకుముందే కాయకష్టము చేయుచున్నవారిని, దినమునకు అరగంటకు మించి నడచువారిని, సైకిలు త్రొక్కువారిని అదనముగ ఏమియు చేయుమనలేదు. ఉన్న అలవాటును మానవద్దని మాత్రము చెప్పిరి. ఆ సలహా మన గ్రామములకు చక్కగ వర్తించును.

మెదడునకు చేరు వార్త

కండనుండి వచ్చు వార్త మెదడునకు కూడ చేరును. మెదడులో హిప్పోకాంపస్ అను భాగము జ్ఞాపకశక్తికి మూలస్థానము. వృద్ధాప్యమున అది మెల్లగ కుంచించుకొనిపోవును. అచ్చటి నాడీకణములకు ఎరువు వంటి పదార్థము ఒకటి కలదు, దానిని బి.డి.ఎన్.ఎఫ్. అందురు. కొత్త కణములు నిలుచుటకును, కణమునకు కణమునకు నడుమ సంబంధములు పెరుగుటకును అది తోడ్పడును.

2012లో అమెరికాలో స్పీగెల్‌మన్ బృందము కండనుండి వెలువడు ఒక పదార్థమును కనుగొని, గ్రీకు పురాణములలో దేవతల వార్తలు మోయు ఐరిస్ పేరు మీదుగ ఐరిసిన్ అని పేరిడినది. మరుసటి సంవత్సరము ఎలుకలపై చేసిన పరిశోధనలో, ఈ మార్గము వలన హిప్పోకాంపసులో బి.డి.ఎన్.ఎఫ్. పెరుగునని తేలినది. 2016లో కెథెప్సిన్-బి అను మరియొక కండ పదార్థమును గూర్చి ప్రకటించిరి. చక్రములో పరుగెత్తిన ఎలుకల రక్తములో అది పెరిగినది, జ్ఞాపకశక్తియు పెరిగినది. ఆ పదార్థము పుట్టని ఎలుకలు ఎంత పరుగెత్తినను ఆ జ్ఞాపకలాభము కలుగలేదు. నాలుగు నెలలు వ్యాయామము చేసిన మనుష్యులలోను అది పెరిగినట్లు కనుగొనిరి. ఎలుకలలో తేలినదంతయు మనుష్యులకు అట్లే వర్తించునని శాస్త్రజ్ఞులు చెప్పరు. ఐరిసిన్ మనుష్యులలో ఎంత పనిచేయునో అను విషయమున వారిలో వాదములు జరిగినవి. కాని ఫలితము మాత్రము మనుష్యులలో నేరుగ చూడబడినది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో 120 మంది వృద్ధులను రెండు వర్గములుగ చేసిరి. ఒక వర్గము వారమునకు మూడు దినములు, దినమునకు 40 నిమిషముల వరకు వడిగ నడచినది. రెండవ వర్గము కాళ్ళు చేతులు సాచు తేలిక వ్యాయామము మాత్రము చేసినది. ఏడాది గడచిన పిమ్మట నడచినవారి హిప్పోకాంపస్ నూటికి రెండు వంతులు పెరిగినది. రెండవ వర్గమువారికి తగ్గినది.

మతి తప్పిన ముసలివారి సంరక్షణ ఎంత కష్టమో ఆ భారము మోసిన కోడళ్ళకును కూతుళ్ళకును తెలియును. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము, ఈ మతిభ్రంశ వ్యాధికి సరిదిద్దుకొనదగిన 14 కారణములను చూపినది. వాటినన్నిటిని తొలగింపగలిగినచో నూటికి 45 కేసులను నివారించుటకో, ఆలస్యము చేయుటకో వీలగునని అంచనా. శరీరశ్రమ లేకుండుట అందులో ఒకటి. రక్తపుపోటు, మధుమేహము, ఒంటరితనము కూడ అందు కలవు. నలుగురితో కలసి నడచువారికి ఈ నాలుగింటిలోను మేలు చేకూరును.

మనోవ్యథను గూర్చియు ఒక మాట చెప్పవలెను. వ్యాయామమునకు అలవాటుపడిన కండ, మెదడునకు హాని చేయు ఒక పదార్థమును రక్తములోనే మార్చివేసి మెదడునకు చేరనీయదని 2014లో స్వీడనులోని కరోలిన్‌స్కా సంస్థవారు ఎలుకలలో నిరూపించిరి. ఈ ప్రాంతపు ప్రత్తి, మిరప రైతులు ధర పడిపోయినప్పుడును, పురుగు తగిలినప్పుడును పడు వేదన మనమెరుగుదుము. అప్పు నడకతో తీరదు; తీరునని చెప్పుట అపహాస్యమగును. కాని మంచము విడిచి బయటకు వచ్చి నలుగురితో నడచు మనిషి తన బాధను నలుగురితో చెప్పుకొనును. బాధ ముదిరిన వానిని వైద్యుని వద్దకు తోడ్కొనిపోవుట పొరుగువారి ధర్మము.

మిరపకోతలో వంగిన నడుము

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. వ్యాయామమును గూర్చి చెప్పగనే, "మా కూలీలకు ఇంకను వ్యాయామమెందుకు?" అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మిరపకోతల కాలమున ప్రొద్దుననుండి సాయంకాలము వరకు వంగి కాయకోయు సోదరికి వ్యాయామము చేయుమని బోధించుట తగదు. ఆమెకు కావలసినవి నీడ, త్రాగునీరు, నడుము వాల్చుటకు కొంత విరామము, కడుపునిండ పప్పుతో అన్నము. కష్టమైన పని విరామము లేక సాగినప్పుడు వ్యాయామము వలె మేలు చేయదని డెన్మార్కులోను, ఇతర దేశములలోను జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. ఒకే కండ గంటల తరబడి బిగిసియుండుట, గుండెకు విశ్రాంతి లేకుండుట దానికి కారణములని వారు చెప్పుదురు. సుబ్బారావుగారి పరిశోధన తెలిపినట్లు, ఖర్చయిన పదార్థము మరల కూడుటకు కండకు విశ్రాంతి కావలెను.

మరి వ్యాయామము ఎవరికి కావలెను? పొలము కౌలుకిచ్చి అరుగుమీద కూర్చున్నవారికి, దుకాణములో ప్రొద్దుగూకువరకు కదలనివారికి, మోటారు సైకిలు దిగకయే ఊరంతయు తిరుగువారికి, ఉద్యోగులకు, సెల్‌ఫోను వదలని యువకులకు, ఇల్లు దాటని గృహిణులకు. నిజము చెప్పవలెనన్న, ఈ సభలో కూర్చున్న మనలో చాలమందికి.

1953లో లండనులో జెరెమీ మోరిస్ అను వైద్యుడు బస్సు ఉద్యోగుల లెక్కలు ప్రకటించెను. రెండంతస్తుల బస్సులో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్లు ఇచ్చుటకు వందలకొలది మెట్లు ఎక్కి దిగును. ఇద్దరిది ఒకే బస్సు, ఒకే దారి. కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకంటె చాల తక్కువగ ఉండెను. మన గ్రామములో కూడ ఒకే వీధిలో డ్రైవర్లును కండక్టర్లును కలరు. ఎవరు ఏ పక్షమున ఉన్నారో ఎవరికి వారు చూచుకొనవచ్చును.

ఎంత చేయవలెను?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము వయోజనులు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మధ్యమశ్రమ చేయవలెను. మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగముగ నడచినచో అది మధ్యమశ్రమ. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు నడచిన 150 నిమిషములు పూర్తియగును. దీనికి తోడు వారమునకు కనీసము రెండు దినములు కండలకు బలమిచ్చు పని చేయవలెను. గుంజీళ్ళు, దండెములు, బరువులెత్తుట, గడ్డపారతో పాదులు త్రవ్వుట ఇట్టివి. 65 ఏండ్లు దాటినవారు వారమునకు మూడు దినములు తూలకుండ నిలుచు అభ్యాసము కూడ చేయవలెను. చేతులు ఆనించకుండ కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట వృద్ధులకు తగిన వ్యాయామము.

జాగ్రత్తలు కొన్ని కలవు. మన ప్రక్కనున్న రెంటచింతల ఎండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. వేసవిలో సూర్యోదయమునకు ముందో, ప్రొద్దు వాలిన తరువాతనో మాత్రమే నడవవలెను. నీరు వెంట ఉంచుకొనవలెను. గుండెజబ్బు ఉన్నవారు, నడచునప్పుడు ఎదలో నొప్పియో, ఆయాసమో కలుగువారు ముందుగ వైద్యుని సలహా పొందవలెను. మధుమేహమునకు మందులు వాడువారు వాటిని స్వయముగ మానరాదు. ఇన్సులిన్ తీసికొనువారు నడకకు పోవునపుడు కొంచెము బెల్లమో, చక్కెరయో దగ్గర నుంచుకొనవలెను. పాదములకు స్పర్శ తగ్గినవారు చెప్పులు లేక నడవరాదు.

ఇన్ని పదార్థములు కనుగొన్నారు గదా, వాటిని మాత్రలుగ చేసి ఇవ్వరాదా యని కొందరు అడుగుదురు. ఆ ప్రయత్నములు జరుగుచున్నవి. కాని కండ ఒకేసారి వందల వార్తలను, తగిన పాళ్ళలో, తగిన సమయమున పంపుచున్నది. దానికి సరితూగు మాత్ర నేటివరకు రాలేదు. ఈ ఔషధము దుకాణములో దొరకదు. దీనికి వెలయు లేదు.

పంచాయతి చేయగల పనులు

ఇక అసలు విషయమునకు వత్తము. నడవవలెనని ఒక మనిషికి చెప్పుట సులభము. నడచుటకు చోటు చూపుట గ్రామము పని. చీకటిలో లారీల నడుమ హైవే మీద నడవుమని ఏ తల్లికి చెప్పగలము?

మొదటిది: పాఠశాల ఆటస్థలమును కాపాడుడు. ఆక్రమణలో ఉన్నచో హద్దులు కొలిపించుడు. దానిని కళ్ళముగనో, వాహనములు నిలుపు చోటుగనో మారనీయకుడు. బడి లేని ఉదయ సాయంకాలములందు ఊరివారికి తెరచియుంచుడు.

రెండవది: చెరువుకట్టనో, కాలువగట్టునో, ఊరి చుట్టునున్న డొంకనో ఒకదానిని ఎంచుకొని ముండ్లకంపలు కొట్టించి, గుంటలు పూడ్పించి, దీపములు పెట్టించుడు. దీపము లేనిచోట స్త్రీలు నడవరు. పైన చెప్పిన లెక్కలో శ్రమ చాలనివారిలో స్త్రీలే అధికులని మరువరాదు.

మూడవది: మన ఆటలను మరల నిలుపుడు. చెడుగుడు, కర్రసాము ఈ సీమకు కొత్తవి కావు. పూర్వము అనేక గ్రామములలో తాలింఖానాలు ఉండెడివి. కార్తికమాసమున కారెంపూడిలో వీరులను తలచుకొను జనులము మనము. ఆ వీరుల బలము తక్కిన పదకొండు మాసములు కూడ గుర్తుండవలెను. స్త్రీలకు కోలాటము చక్కని వ్యాయామము. అడుగు, చేయి, చూపు, తాళము, జ్ఞాపకము అన్నియు అందు కలసి పనిచేయును. వారమునకు మూడు సాయంకాలములు కోలాటము వేయు బృందమునకు పంచాయతి చేయవలసిన ఖర్చు కొన్ని కర్రలు, ఒక దీపము.

నాల్గవది: 30 ఏండ్లు దాటిన ప్రతివారికి రక్తపుపోటు, చక్కెర పరీక్షలు జరుగునట్లు ఆశా కార్యకర్తకును ఏ.ఎన్.ఎం.కును తోడ్పడుడు. మగవారు పొలమునుండి వచ్చు వేళకు ఆ పరీక్ష ఏర్పాటు చేసినచో వారును వత్తురు.

ఐదవది: కోతల కాలమున పొలములలో నీడకును, త్రాగునీటికిని రైతులచేత ఏర్పాటు చేయింపుడు. కూలివాని విశ్రాంతియు గ్రామారోగ్యములో భాగమే.

ఈ అయిదింటిలో దేనికిని పెద్ద నిధులు అక్కరలేదు. గ్రామసభలో ఒక తీర్మానము, పని చూచుకొను ఇద్దరు సభ్యులు, నెలకొకసారి విచారణ ఉన్న చాలును. దాచేపల్లి నేడు నగరపంచాయతి యైనది. చుట్టునున్న గ్రామములును పట్టణపు అలవాట్లవైపు వేగముగ సాగుచున్నవి. ఖాళీ నేలకు వెల పెరిగిన కొలది ఆటస్థలము మొదట మాయమగును. పోయిన స్థలమును తరువాత కొనుట ఏ పంచాయతి తరముగాదు. అందుచేత ఈ పని ఈ ఏడాదియే చేయదగినది.

ఇక సర్పంచులకు, సభ్యులకు మా మనవి ఒకటి. ఊరిలో పనిమీద తిరుగునప్పుడు మోటారు సైకిలు ఇంటివద్ద ఉంచి నడచి పోవుడు. నడచిపోవు సభ్యునికి మురుగుకాలువ కనబడును, వెలుగని దీపము కనబడును, గుమ్మములో కూర్చున్న ముసలమ్మ మాట వినబడును. ఊరి పనియు జరుగును, కండ తన పనియు చేయును. రేపటి ఉదయముననే ఆరంభింపుడని కోరుచున్నాము.